గోడలు దిగి వచ్చినవాళ్ళు

పొద్దున నల్లా వచ్చే వేళకు సంధ్య బిందె చంకన పెట్టుకుని, గోడవారగా ఆనించి ఉన్న చనిపోయినవాళ్ళను తప్పించుకుంటూ గుమ్మం దాటింది. సూరత్ నవాగామ్‌లో ఆ ఇల్లు ఉన్నదే రెండు గదులు. బతికున్న ముగ్గురికే కాళ్ళు చాపుకోవడానికి జాగా చాలదు. అలాంటిది కొన్నాళ్ళుగా చుట్టుపక్కల ఇళ్ళనుంచి అడిగి తెచ్చిన పటాలన్నీ అక్కడే మకాం పెట్టాయి. మీసం మెలేసినవాళ్ళు, ముక్కుపుల్లలు పెట్టుకున్న ముసలమ్మలు, కోట్లు తొడుక్కున్న మగవాళ్ళు. నిజానికి వాళ్ళలో బతికుండగా కోటు తొడిగిన మనిషి ఒక్కడూ లేడు. సాంచలు అనే మరమగ్గాల దగ్గర బనీనుతో బతుకు వెళ్ళదీసిన వాళ్ళందరికీ పోయాక కోట్లు తొడిగించింది సంధ్య మామగారు లక్ష్మీరాజమే.

లక్ష్మీరాజం సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చినవాడు. పగలు చీరల కార్ఖానాలో అంచులకు నక్షాలు గీసేవాడు. సాయంత్రాలు ఇంటి దగ్గర చనిపోయినవాళ్ళ బొమ్మలు వేసేవాడు. ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఎవరు పోయినా దినాలనాటికి పటం ఆయన చేతిమీదే రావాలి. కంప్యూటర్ ఫోటోలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. ఆయనా కిందటేడు పోయాడు. ఇప్పుడు అఠ్వా వైపు ఒక గ్యాలరీ వాళ్ళు, సూరత్‌లో పనిచేసి పోయిన కళాకారులందరినీ తలుచుకుంటూ ఒక ప్రదర్శన పెడుతున్నారు. బోర్డులు రాసినవాళ్ళు, చీరల మీద బొమ్మలు గీసినవాళ్ళు, వాళ్ళతోపాటు లక్ష్మీరాజం కూడా. కొడుకు రవీంద్ర సంతోషానికి పట్టపగ్గాలు లేవు. కార్ఖానాలో డ్యూటీ దిగడం ఆలస్యం, ఇల్లిల్లూ తిరిగి పటాలు తెచ్చి పోశాడు.

అవి ఊరికే ఇచ్చారా ఏమన్నా? గోడ మీదున్న మనిషిని దించడమంటే మాటలు కాదు. దక్షిణం వైపు తిప్పొద్దన్నారు ఒకరు. రోజూ ఊదుబత్తి వెలిగించమన్నారు ఇంకొకరు. వెనక వీధి విజయశ్రీ అయితే పటం ఇచ్చినట్టే ఇచ్చి, పొద్దున్నే వచ్చి కూర్చుంటోంది. భర్త దేవదాస్ పటం అద్దానికి బొట్టు పెట్టి, నిన్న ఏం వండిందో, ఎవరు ఏమన్నారో అన్నీ ఆయనకు ఒప్పజెప్పి, సంధ్య ఇచ్చిన చాయ్ తాగి మరీ వెళుతుంది. బతికున్నప్పుడు ఆ మనిషికి ఇన్ని మాటలు చెప్పిందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఈ సందడిలో ఒక్క మాటా కలపనిది ఇంటి పెద్దావిడ బాలవ్వ. పటాలు వచ్చిన నాటినుంచి ఆమె బయటి గదిలో అన్నం తినడం మానేసింది. వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. అయినా వీపు మీద చూపులు తగులుతున్నట్టే ఉంటుంది. కూరగాయలు తరుగుతూ తరుగుతూ ఉన్నట్టుండి కత్తిపీట ఆపి వెనక్కి తిరుగుతుంది. ఎవరూ ఉండరు. గడప అవతల పటాలు వాటి మానాన అవి ఉంటాయి.

సంధ్యకూ భయంగానే ఉంది. చీర మార్చుకోవాలంటే ముందు ఒక దుప్పటి తెచ్చి అందరి మీదా కప్పుతోంది. ఆ రోజు మధ్యాహ్నం అలా కప్పబోతూ దుప్పటి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. ఎవరింట్లో వాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఎవరికీ తట్టని సంగతి, అందరినీ ఒక్క వరసలో నిలబెట్టేసరికి కనిపించింది.

“అత్తమ్మా, జర ఇటు రాండ్రి. వీళ్ళందరు ఒక్క తీరుగనే చూస్తున్నరు. మీ తీరుగ.”

బాలవ్వ రాలేదు. ఉన్నచోటునుంచే, అవి నా కండ్లే బిడ్డా, అంది.

తర్వాత కోడలికి చెప్పింది. పేదల ఇళ్ళలో మనిషి బతికుండగా తీసిన ఫోటో దొరకడం అరుదు. పోయాక గుమ్మంలో కుర్చీలో కూర్చోబెట్టి తీసిందే మిగిలేది. అందులో కళ్ళు మూసుకుని ఉంటాయి. దినాలనాటికి ఆ మనిషి కళ్ళు తెరిచి గోడ మీద ఉండాలి. ఆ కళ్ళు ఎక్కడినుంచి తేవాలి? లక్ష్మీరాజం భార్యను కిటికీ పక్కన పీట మీద కూర్చోబెట్టి, ఆమె కళ్ళు చూసి వేసేవాడు. “జర కూసో” అనేవాడు. ఎవరి కోసమో మాత్రం చెప్పేవాడు కాదు. కళ్ళిచ్చే మనిషి చెవిన పోయినవాళ్ళ పేరు పడకూడదని, పడితే వాళ్ళు ఆ పేరు పట్టుకుని వెంట వస్తారని ఆయనకు పని నేర్పినవాళ్ళ పట్టింపు. బాలవ్వ కూడా అడిగేది కాదు. పని అయ్యాక “ఇగ లే” అనేవాడు. ఆ మాట వినిపించేదాకా ఆమె కదలకూడదు.

“మరి ఇప్పుడు వస్తున్నరా అత్తమ్మా, వెంట?” అని అడిగింది సంధ్య గొంతు తగ్గించి.

రావలసినవాళ్ళు తప్ప అందరూ వస్తున్నారు, అని బాలవ్వ మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ మాట సంధ్యకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ చాలలేదు.

సాయంత్రం గ్యాలరీ నుంచి హేతల్‌బెన్ వచ్చింది. ప్రదర్శన ఏర్పాట్లన్నీ ఆవిడే చూస్తోంది. పటాల ముందు నేల మీదే కూర్చుని ఒక్కొక్కటీ ఒళ్ళోకి తీసుకుని చూసింది. ఇంత పనితనం ఇన్నేళ్ళు బస్తీల్లో గోడలకు ఉండిపోయిందే అని హిందీలో బాధపడింది. వెళ్ళేముందు బాలవ్వ చేతులు పట్టుకుని, ప్రదర్శన మొదలయ్యే రోజున లక్ష్మీరాజం ఫోటో ముందు దీపం మీరే పెట్టాలి, బా, అని గుజరాతీలు తల్లిని పిలిచినట్టే పిలిచి అడిగింది. బాలవ్వ చేతులు వెనక్కి తీసుకుని, రానని కొడుకుతో చెప్పించింది. ఆవిడ ముఖం చిన్నబోయింది. రవీంద్రకు తల ఎత్తుకోలేనట్టయింది.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అతను వంటింటి గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

“ఎందుకు రావమ్మా? సాంచల కాడ బతికిన మనిషి పేరు గ్యాలరీ గోడ మీద రాస్తున్నరు. నువ్వు రాకపోతే నాయిన పరువు ఉంటదా?”

“ఉండకపోతే పోనీ.”

“పోయిన మనిషి మీద ఇంకా ఏం కోపమే నీకు?”

బాలవ్వ చేతిలో గరిటె పక్కన పెట్టింది. “ఊర్ల సచ్చినోళ్ళందరికి కండ్లు తెరిపిచ్చిండు. నా బిడ్డకు ఒక్క గీత గీయలే. అసొంటోని ముందల నేను దీపం పెట్టాల్నా?”

ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. తాపీ నది పొంగి ఊరి మీద పడ్డ ఏడాది వాళ్ళు వేడ్ రోడ్డు దగ్గర కింది గదిలో ఉండేవాళ్ళు. నీళ్ళు ఇల్లు ముంచి పోయాయి. ట్రంకు పెట్టె, అందులో ఫోటోలు, పిల్ల బడి కాగితాలు అన్నీ బురదయ్యాయి. నీళ్ళు దిగాక వచ్చిన జ్వరంలో పెద్దపిల్ల హారతి పోయింది. రవీంద్ర అప్పటికి ఇంకా ఒళ్ళో పిల్లవాడు. అక్క అంటే అతనికి ఒక పేరు మాత్రమే. హారతి ఫోటో ఈ లోకంలో ఎక్కడా లేదు. ఊళ్ళో ఎవరిదో పెళ్ళి ఫోటోలో ఒక మూల సగం జడ కనిపిస్తుంది, అంతే.

బాలవ్వకు ఉన్నదల్లా జ్ఞాపకమే. రోజూ పొద్దున నిద్రలేవగానే కళ్ళు తెరవకుండా బిడ్డ ముఖాన్ని ఒకసారి తెచ్చుకునేది. ఇన్నేళ్ళూ వచ్చేది. ఈ మధ్య రావడం లేదు. జడలు వస్తాయి, రిబ్బన్లు వస్తాయి, ముఖం ఉండవలసిన చోట ఏమీ ఉండదు. ఈ పటాలు ఇంట్లోకి వచ్చాక మరీ అన్యాయం. బిడ్డను తలుచుకుంటే కోటు తొడుక్కున్న ఎవడో మగవాడు ఆమె కళ్ళతోనే ఆమెను చూస్తున్నాడు. బిడ్డ రెండోసారి చచ్చిపోతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి?

ఇప్పుడు కొడుకు నిలదీసేసరికి బయటపడింది.

“దినాలు గూడ కాలే. పిల్ల లంగా ఇంకా దండెం మీదనే ఉన్నది. మీ నాయిన వచ్చి ‘జర కూసో’ అన్నడు. ఎవలదో బొమ్మకు నా కండ్లు కావాల్నట. గా కండ్లల్ల నీళ్ళు గూడ ఆరలే. పో అవుతలికి అన్న. మల్ల నెల రోజులకు అడిగిండు. మల్ల ఏడాదికి అడిగిండు. ఇగ నేను ఆ పీట మీద ఎన్నడు కూసోలే, ఆయనతోని మంచిగ మాట్లాడలే.”

 తండ్రి తప్పే చేశాడని రవీంద్రకు లోపల అనిపించింది. అయినా నోట్లోంచి వచ్చింది ఇంకో మాట. ఎన్నాళ్ళనుంచి గొంతులో ఉందో, అదే వచ్చింది.

“అక్క పోయింది. మరి నేనున్న గదమ్మా. ఒక్కనాడన్న నా మొఖం నిండ చూసినవా నువ్వు?”

సంధ్య భర్త చెయ్యి పట్టుకుని లాగింది. అతను విదిలించుకుని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. బాలవ్వ గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. కొడుకు అన్నది అబద్ధం కాదు. వాడి ముఖం చూస్తే కూతురి ముఖం మీద ఇది వచ్చి కూర్చుని, అది చెరిగిపోతుందని ఆమెకు భయం. అందుకని వాడు బడికి పోయేటప్పుడు జేబు చూసింది, పెళ్ళినాడు బాసింగం చూసింది, ముఖం మాత్రం చూసీ చూడనట్టే చూసింది. ఇంతా చేస్తే ఏ ముఖమూ మిగలలేదు. ఆ పూట ఇంట్లో ముగ్గురూ సరిగ్గా తినలేదు.

మర్నాడు పొద్దున్నే టెంపో వేసుకుని పరుశురాం వచ్చాడు. ఉధ్‌నాలో ఫ్రేముల దుకాణం అతనిది. లక్ష్మీరాజం వేసిన ప్రతి బొమ్మకూ అద్దం బిగించింది అతనే. పాతబడ్డ ఫ్రేములు మార్చి, పటాలన్నీ గ్యాలరీకి చేర్చే పని హేతల్‌బెన్ అతనికే అప్పజెప్పింది. రవీంద్ర, అతను కలిసి ఒక్కొక్కటీ గోనెపట్టా చుట్టి టెంపోలోకి ఎక్కించారు. గది ఖాళీ అయింది. విజయశ్రీ గుమ్మం దగ్గర నిలబడి, మా ఆయన్ను జర మెల్లగ దించుండ్రి, నడుము నొప్పి మనిషి, అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

అన్నీ అయ్యాక పరుశురాం టెంపో ముందు సీటు లోంచి పాత లుంగీ చుట్టిన ఒక బోర్డు తెచ్చాడు. లోపలికి వచ్చి, బాలవ్వ చేతిలో పెట్టాలా వద్దా అని కాసేపు తటపటాయించి, ఆమె ఎదుట నేల మీద పెట్టాడు.

“వదినె, అన్న పూర్తి చెయ్యని బొమ్మ ఇదొక్కటే. నా దుకాణంల అటక మీద ఉండె. నువ్వు కూసుంట అన్నప్పుడే ఇంటికి తేవాలె అన్నడు. ఆయన పోయినంక ఏం చెయ్యాల్నో నాకు సమజ్ కాలే.”

బాలవ్వ లుంగీ విప్పింది.

హారతి. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. పై పెదవి మీద చిన్న గాటు, అద్దం ముక్క గీరుకుని అయింది. ఒక చెవి కొంచెం ముందుకు. నవ్వబోతూ ఆపుకున్నప్పుడు బుగ్గ ఒక పక్కన ఎలా ఉబ్బేదో అలాగే ఉబ్బి ఉంది. ఇన్నాళ్ళూ ఎంత వెతికినా రాని ముఖం మొత్తం ఎదురుగా నేల మీద ఉంది. కళ్ళు మాత్రం లేవు. కనుబొమ్మల కింద రంగు వేయని ఖాళీ బోర్డు అలాగే వదిలేసి ఉంది.

ఆమె వేలితో ఆ గాటును తడిమింది. రవీంద్ర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అక్కను అతను చూడడం అదే మొదలు.

“ఎప్పుడు వేసిండు?” అని అడిగింది బాలవ్వ.

“బిడ్డ పోయినప్పుడే, వదినె. దినాలకు అందాలె అని రాత్రింబవళ్ళు నా దుకాణంల కూసొని వేసిండు. ఇంట్ల వేస్తే నువ్వు చూడలేవని. కండ్లకు నిన్ను అడుగుత అని ఇంటికొచ్చిండు.” పరుశురాం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “నువ్వు పొమ్మన్నవట. తల్లి కదా, బిడ్డను పటంల చూడనీకి మనసొప్పుతలేదు, బలవంతం చెయ్యొద్దు అన్నడు. మల్ల గూడ అడిగి వచ్చిండు.”

“నా బిడ్డ కోసమా అడిగింది?”

“ఇంకెవల కోసం అడుగుతడు వదినె? నీకెరుకనే అనుకున్నం మేము.”

బాలవ్వ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చచ్చినవాళ్ళ పేరు చెప్పకూడదన్న పట్టింపు ఆయనది. తన కన్నబిడ్డ విషయంలో కూడా ఆ పట్టింపు తప్పలేదు. ఆ పేరు చెబితే భార్యను కూడా తీసుకుపోతుందని భయపడ్డాడో ఏమో. చెప్పకపోయినా తెలుసుకుంటుందిలే అనుకున్నాడు ఆయన. చెప్పలేదు గనక పరాయివాళ్ళ కోసమే అనుకుంది ఈమె. ఇంత చిన్న మాట ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళు అడ్డం పడి ఉంది. ఒకే ఇంట్లో ఒకరికొకరు అన్నం పెట్టుకుంటూ, ఒకరినొకరు చూసుకోకుండా బతుకంతా గడిపేశారు.

“తర్వాత వేసినోళ్ళందరికి ఎవల కండ్లు పెట్టిండు మరి? నేను కూసోలే గద.”

“నీయే పెట్టిండు. నీ కండ్లు ఆయన చేతికి అలవాటు, చూడకుండనే వేసేటోడు. బిడ్డకు గూడ అట్లనే వెయ్యి అన్నా అని నేనే చెప్పిన. ‘వద్దు పరుశురాం, దీనికి తల్లి ఇయ్యాలె, నేను దొంగతనంగ పెట్టద్దు’ అన్నడు.”

అప్పుడు ఏడ్చింది బాలవ్వ. కూతురు పోయిన నాడు ఎలా ఏడ్చిందో అలా, భర్త పోయిన నాడు ఏడవనిదంతా కలిపి ఏడ్చింది. “నేను అడగకపోతి గదయ్యా, ఒక్క మాట అడగకపోతి” అంటూ బోర్డును గుండెకు హత్తుకుని ఊగిపోయింది. సంధ్య పక్కన కూర్చుని వీపు నిమిరింది. చాలాసేపటికి ఆమె కొడుకును దగ్గరికి రమ్మంది. అతను వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంటే, గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పి, తీరిగ్గా చూసింది. నుదురు, ముక్కు, మీసం, చెంప మీద నూనె మరక. ఎవరి ముఖమూ ఎక్కడికీ పోలేదు.

“నన్ను గాడికి తోల్కపో కొడుకా, దీపం పెడ్త” అంది.

ప్రదర్శన మొదలైన రోజు. గ్యాలరీ గోడలు తెల్లగా ఉన్నాయి. నవాగామ్ ఇళ్ళలో పొగచూరి, బొట్టు మరకలు పడ్డ పటాలన్నీ అక్కడ దీపాల కింద కొత్తగా కనిపించాయి. వచ్చినవాళ్ళు ఒక పటం దగ్గర నిలబడి, ఇంకో పటం దగ్గరికి వెళ్ళి, ఏదో అనుమానం వచ్చినట్టు మళ్ళీ మొదటిదాని దగ్గరికి వస్తున్నారు. తలుపు దగ్గర బాలవ్వను చూసి వాళ్ళు ఆమె కళ్ళనూ పటాలనూ మార్చి మార్చి చూశారు. విజయశ్రీ మాత్రం అవేవీ పట్టించుకోకుండా కుంకుమ భరిణెతో భర్త దగ్గరికి వెళ్ళి, అద్దం ముట్టుకోవద్దన్న సెక్యూరిటీ వాడితో గొడవ పెట్టుకుంది.

బాలవ్వ భర్త ఫోటో ముందు దీపం పెట్టి లోపలికి నడిచింది. చివరి గోడ మీద హారతి ఒక్కతే ఉంది. కింద పేరు రాశారు. హేతల్‌బెన్ వచ్చి, మంచి పనివాళ్ళు ఉన్నారు, ఒప్పుకుంటే కళ్ళు వేయిస్తాను, అని నెమ్మదిగా అడిగింది. బాలవ్వ తల అడ్డంగా ఊపి, కూర్చోవడానికి ఒక పీట కావాలంది. పీట లేదు, స్టూలు దొరికింది. దాన్ని కూతురి ఎదురుగా, వెలుతురు ముఖాన పడేలా వేసుకుని కూర్చుంది. కొంగు సర్దుకుని, గడ్డం పైకెత్తి, పటం వైపు చూపు నిలిపింది. నీళ్ళు చెంపల మీదికి కారుతున్నా తుడుచుకోలేదు.

వచ్చినవాళ్ళు చూసి వెళ్ళిపోతున్నారు. కొందరు ఆమె వెనక కాసేపు నిలబడి వెళ్ళారు. సంధ్య నీళ్ళు తెచ్చిస్తే తాగలేదు. సాయంత్రమై గ్యాలరీ మూసే వేళయింది, దీపాలు ఒక్కొక్క వరసే ఆర్పుతున్నారు. రవీంద్ర వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“పోదామా అమ్మా? మూసేస్తున్నరు.”

ఆమె తల తిప్పలేదు.

“జర ఆగు కొడుకా. మీ నాయిన నన్ను ఇంకా లెమ్మనలే.”

రవీంద్ర ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.